నీలి వదిలిన ముద్ద

31వ ఏడు, 112వ రోజు

ఉదయం చోడి అంబలి, అర గిన్నె. నీలి మింగింది రెండు చెంచాలు. మిగతాది నేల మీద, గోడ మీద, నా చొక్కా మీద.

మధ్యాహ్నం పప్పన్నం. ఆరు ముద్దలు చేసి పళ్ళెంలో పెట్టాను. ఒక్కొక్కటే తీసి వదిలేసింది. ఆరూ కింద పడ్డాయి.

సాయంత్రం ఉడకబెట్టిన దుంప. అదీ అంతే.

డాక్టర్ సుభాషిణి గారు ఇచ్చిన ఫారంలో మూడు గడులున్నాయి. పెట్టింది, తిన్నది, విసిరింది. వాటిలో అంకెలు వేస్తున్నాను. గడుల్లో పట్టనివి ఈ పుస్తకంలో రాస్తున్నాను.

నీలికి పంతొమ్మిది నెలలు. ఇవాళ్టి తూకం ఎనిమిది కిలోల నూట యాభై. 140వ రోజుకి ఎనిమిదిన్నర దాటాలి. దాటకపోతే పెంపక గృహానికి పంపిస్తారు. అక్కడ పిల్లలు బాగానే తింటారట. కన్నవాళ్ళకి వారానికొకసారి అద్దం అవతలినుంచి చూపిస్తారు. దగ్గరికి రానిస్తే పిల్లలు రెండు పూటలు తిండి మానేస్తారని ఆ పద్ధతి పెట్టారు.

నీలి తల్లి సువర్చల పోయి ఇవాళ్టికి డెబ్భై నాలుగు రోజులు.

113వ రోజు

నా పని మురుగునీటి వడపోత. ఆకాశంలో గిర్రున తిరిగే మన చక్రం అంచు మీద ఉన్న నాలుగు వందల ఇళ్ళ నీళ్ళు నా జల్లెడల మీదుగా పోతాయి. ఇవాళ మా వరస జల్లెడ మూసుకుపోయింది. విప్పి చూస్తే చోడి పిండి, పప్పు, దుంప పీచు. మా ఇంటివే. ఈ వరసలో పిల్లలున్న ఇల్లు ఇంకొకటి లేదు.

కింద పడినదంతా ఎత్తి ఎరువు తొట్టిలో వేయాలని నియమం. నేను కడిగేస్తున్నాను. ఇలా కడిగేసినందుకు పోయినేడు ఇద్దరిని మందలించింది నేనే.

జల్లెడ కడిగి బిగించాను. ఎవరికీ చెప్పలేదు.

115వ రోజు

పక్కింటి అప్పలకొండ వచ్చింది. వంటశాలలో పెద్ద వంటమనిషి. అరవై దాటాయి. నేను నేల తుడుస్తుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏటి బాబూ, పెద్ద చదువు చదివీసి నేల తుడుత్తన్నావు. ఒగ్గీ, నాను సేత్తాను."

"అయిపోయింది."

"అవలేదు. బల్ల కింద సూడు, ఎంతున్నాదో." కూర్చుని నీలి చేతిలో ఒక ముద్ద పెట్టింది. నీలి దాన్ని పట్టుకుని, చెయ్యి ముందుకి చాపి, వదిలింది. అప్పలకొండ ఒళ్ళో పడింది.

"ఓలమ్మో! ఎంత పొగరే నీకు? నా పెనిమిటి కూడా ఇలాగే. పప్పులో ఉప్పు తక్కువైతే పళ్ళేన్ని ఇసిరీవోడు."

"ఎలా మాన్పించావు?"

"నానేటి మాన్పిస్తాను? పోయాడు, మానీసినాడు."

అని నవ్వి, నా ముఖం చూసి ఆపేసింది. తర్వాత వెళ్తూ వెళ్తూ అంది: "తల్లి లేని గుంట పిల్ల బాబూ. మొండి కాక మరేటవుద్ది? గట్టిగా ఒక్కటియ్యి. తప్పు కాదు."

ఇవ్వలేదు. అనిపించలేదని మాత్రం రాయను.

118వ రోజు

ఇవాళ నీలి రెండు చేతులూ మెత్తటి గుడ్డతో కుర్చీకి కట్టాను. సువర్చల పమిట ముక్క. ఇంట్లో మెత్తటిది అదొక్కటే ఉంది.

చెంచాతో నోట్లో పెట్టాను. నాలుగు చెంచాలు వెళ్ళాయి. అయిదోది ఉమ్మేసింది. ఆరోదానికి నోరు తెరవలేదు. తర్వాత ఏడవడం కూడా మానేసి కట్టిన చేతుల వైపు చూస్తూ ఉంది.

విప్పాను. ఫారంలో 'తిన్నది' గడిలో నాలుగు చెంచాలు అని వేశాను. ఎలా తిన్నదో రాయడానికి అక్కడ గడి లేదు.

121వ రోజు

డాక్టర్ ఇంటికి వచ్చి మధ్యాహ్నం భోజనం చూశారు. నీలి ఏడు ముద్దలు వదిలింది. ఒకటి తిన్నది.

"కోపంతో విసరడం లేదు చూశారా?" అన్నారు. "విసిరే పిల్లలు మన ముఖం చూస్తారు, నవ్వుతారు. ఈ పిల్ల నవ్వట్లేదు."

"మరి ఏమిటి?"

"తెలీదు. ఇంకోటి కూడా తెలీదు. కాళ్ళ ఎముకలు వయసుకి తగ్గట్టు లేవు. అంచు మీద పుట్టి పెరిగిన పిల్లకి ఇంత పలచగా ఉండకూడదు. బరువున్న చోటే ఎముక గట్టిపడుతుంది. మీ పిల్ల ఎప్పుడూ ఇక్కడే ఉంది కదా?"

"ఇక్కడే."

"అయితే తిండి లోపమే అనుకోవాలి." ఫారం మడిచి సంచిలో పెట్టుకున్నారు. "పంతొమ్మిది రోజులున్నాయి. మిమ్మల్ని భయపెట్టడానికి అనట్లేదు. పెంపక గృహం చెడ్డది కాదు. నా చెల్లెలి పిల్లాడు అక్కడే పెరిగాడు."

"మీ చెల్లెల్ని గుర్తుపడతాడా?"

ఆవిడ సంచి భుజాన వేసుకుని లేచారు. అడగాల్సింది కాదు.

124వ రోజు

డాక్టర్ అన్నాక గమనించడం మొదలుపెట్టాను. పంపు పాడైతే ముందు విప్పకూడదు, గంటసేపు వినాలి. మాకు నేర్పే మొదటి పాఠం అది. పిల్ల విషయంలో దాదాపు మూడు నెలలు విప్పుతూనే ఉన్నాను.

చూసినది:

ముద్ద తీసుకుంటుంది. చెయ్యి నేరుగా నా వైపు చాపుతుంది. వేళ్ళు మెల్లగా విప్పుతుంది. తర్వాత నేల వైపు చూడదు. చేతికీ నాకూ మధ్య ఖాళీలోకి చూస్తుంది. రెండు క్షణాలు. తర్వాత నన్ను చూసి "ఆం" అంటుంది.

ఆం అంటే ఆకలేమో అని నేను చెంచా ఆమె నోట్లో పెడతాను. ఉమ్మేస్తుంది. అప్పుడు ఏడుపు.

మళ్ళీ మొదలు.

ఇంతవరకే అర్థమైంది.

126వ రోజు

గవర్రాజు వచ్చాడు. చక్రం నడిబొడ్డులో, సరుకు దింపే చోట సువర్చలతో కలిసి పనిచేసేవాడు. చక్రం తిరుగుడు అంచు మీద మాకిచ్చే బరువు అక్కడ ఉండదు. మనుషులు తేలుతూ పనిచేస్తారు. నేను ఏడాదికొకసారి కూడా వెళ్ళను, కళ్ళు తిరుగుతాయి. సువర్చల పెట్టెలో మిగిలిన సామాను తెచ్చాడు. దువ్వెన, చేతి తొడుగులు, ఒక జత జోళ్ళు. ఎనభై రోజులకి పైగా ఎందుకు పట్టిందని అడగలేదు.

నీలి భోజనానికి కూర్చుని ఉంది. గవర్రాజుని చూడగానే కాళ్ళు ఆడించింది. ఒక ముద్ద తీసి అతని వైపు చాపి వదిలింది.

గవర్రాజు నోరు తెరిచాడు.

ముద్ద అతని మోకాలి మీద పడింది. అతను నోరు మూసుకున్నాడు.

"నోరెందుకు తెరిచావు?"

"ఏటో బాబూ, ఊరికినే."

"గవర్రాజూ."

మోకాలి మీది ముద్ద తీసి పళ్ళెం అంచున పెట్టాడు. "మరి నానెల్తాను" అని లేచాడు. తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. అతను నాకంటే బలమైనవాడు. అయినా కూర్చున్నాడు.

"ఆయమ్మ, సువర్చలమ్మ, సెప్పొద్దన్నాది."

"ఆయమ్మ లేదు."

"జ్వరాలొచ్చి పిల్లల గది మూసీసినారు కాదేటి, నాలుగు నెల్లు? అప్పుడు గుంటని మీదికి తెచ్చీది. జోలెలో ఏసి కమ్మీకి కట్టీసి పని సేసుకునీది. బువ్వ కూడా అక్కడే."

"అయిదేళ్ళలోపు పిల్లల్ని నడిబొడ్డుకి తీసుకెళ్ళకూడదు. ఎముకలు..."

"తెలుసు బాబూ. ఆయమ్మకీ తెలుసు. మరేటి సేస్తాది? ఎక్కడ ఒగ్గుతాది?"

ఎక్కడ వదలాలో సువర్చల నన్ను అడిగింది. నాకు గుర్తుంది. ఆ వారం పంపు మార్పిడి. రెండు షిఫ్టులు చేస్తున్నాను. "నువ్వే ఏదో ఒకటి చూసుకో" అన్నాను. చూసుకుంది. ఎలా చూసుకుందని నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు. పిల్ల శుభ్రంగా, కడుపు నిండా తిని ఇంటికొచ్చేది. అది నాకు చాలింది.

"తిండి ఎలా పెట్టేది?"

"సిన్న సిన్న ఉండలు సేసీది. ఒకటి గాలిలో ఒగ్గీసి ఇలాగ ఏలితో నెట్టీది. తేలుకుంటా పోయి గుంట నోట్లో పడీది. తర్వాత గుంట ఒకటి ఒగ్గాల. అది తల్లి నోట్లో పడాల. తల్లి తింటే గానీ ఇది తినదు. ఒకటి నీకు, ఒకటి నాకు. మాం సూసి నవ్వుకునీవోళ్ళం. నాకూ ఒకటి పంపీది అప్పుడప్పుడు."

నీలి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆం" అంది.

దాదాపు మూడు నెలలుగా నా కూతురు నాకు అన్నం పెడుతోంది. నేను తుడుస్తున్నాను.

ఇంకొకటి అడిగాను. సరుకు పెట్టె తాడు తెగిన రోజు, అది సువర్చలని గోడకి నొక్కిన రోజు, నీలి అక్కడ ఉందా అని.

"లేదు బాబూ. ఆయాల పిల్లల గది తెరిసినారు. మొదటి రోజు."

ఒట్టు వేయమనలేదు. నమ్మాలని నిర్ణయించుకున్నాను.

127వ రోజు

గవర్రాజు షిఫ్టులో నీలిని నడిబొడ్డుకి తీసుకెళ్ళాను. సరుకుల లిఫ్టులో, పై కోటు లోపల దాచి. తెలిస్తే తూకం దాకా ఆగరు, మర్నాడే పిల్లని తీసుకెళ్తారు. తెలిసే వెళ్ళాను. చూడాలనిపించింది. అంతకు మించి కారణం రాయలేను.

పైకి పోయేకొద్దీ కోటులో పిల్ల బరువు తగ్గిపోయింది. చివరికి లేకుండా పోయింది. తలుపు తెరవగానే నేను గోడకి గుద్దుకున్నాను. నీలి గుద్దుకోలేదు. కమ్మీ పట్టుకుని, కాలితో తన్ని, చేపలా ముందుకి పోయింది. ఇంటి దగ్గర నాలుగడుగులు సరిగ్గా వేయలేని పిల్ల.

నేరుగా ఒక మూలకి పోయింది. అక్కడ కమ్మీకి జోలె కట్టిన గుడ్డ ముడి ఇంకా ఉంది. దాన్ని పట్టుకుని అటూ ఇటూ చూసింది. పెట్టెల వెనక చూసింది.

"అమ్మ" అంది. అడగడం లాగా కాదు. పిలిచినట్టు.

గవర్రాజు తల తిప్పుకున్నాడు.

డబ్బాలోంచి పప్పుముద్ద తీసి ఇచ్చాను. చెయ్యి చాపి వదిలింది. అది పడలేదు. నెమ్మదిగా తిరుగుతూ నా వైపు వచ్చింది. చూస్తూ ఉండిపోయాను. ముక్కుకి తగిలింది.

"నోరు తెరవండి బాబూ! అది మీకే పంపినాది!"

తెరిచాను. నీలే వేలితో ఇంకోటి నెట్టింది. తిన్నాను. చల్లారిన పప్పు, ఉప్పు తక్కువ. నీలి నేను మింగేదాకా చూసింది. తర్వాత తను నోరు తెరిచింది.

ఒకటి వదిలాను. ఎక్కువ జోరుగా నెట్టాను, చెవి పక్కనుంచి పోయింది. గవర్రాజు పట్టుకొచ్చాడు. రెండోది సరిగ్గా వెళ్ళింది.

ఇరవై రెండు ముద్దలు తిన్నది. నాకు ఇరవై పెట్టింది. గవర్రాజుకి ఒకటి. మిగిలిన ఒక్కటి పెట్టెల వైపు వదిలింది. అది అటే పోయింది. ఎవరూ తీసుకోలేదు.

128వ రోజు

ఉదయం గవర్రాజు పనికి వెళ్తూ ఆగాడు.

"రోజూ తెండి బాబూ. అరగంట. తూకం దాకా. ఏ గుంటడికీ తెలీకుండా నాను సూసుకుంటాను."

రోజుకి ఇరవై ముద్దలు. పన్నెండు రోజులు. ఎనిమిదిన్నర దాటుతుంది. లెక్క సరిపోతుంది.

తర్వాత? నీలి కాళ్ళు ఎందుకు పలచగా ఉన్నాయో ఇప్పుడు నాకు తెలుసు. సువర్చల మీద కోపం వచ్చింది. చాలా. పోయిన మనిషి మీద కోపగించుకోకూడదంటారు. చదువుకున్న మనిషి, ఎముక సంగతి తెలిసిన మనిషి, ఆ నవ్వుల కోసం నాలుగు నెలలు పిల్ల కాళ్ళు ఖర్చుపెట్టింది. ఆ మాట అనుకున్న నిమిషానికే ఇంకోటి గుర్తొచ్చింది. ఎక్కడ వదలను అని ఆమె అడిగినప్పుడు నేను తల కూడా ఎత్తలేదు. పంపు బొమ్మ చూస్తున్నాను.

"వద్దు గవర్రాజూ."

"మరి తూకం?"

"ఇక్కడే తినాలి. ఇక్కడ పడుతుందని నేర్చుకోవాలి."

"పాపం బాబూ. అదొక్కటే కదా తల్లి నేర్పినాది."

"తెలుసు."

129వ రోజు

ఎదురుగా కూర్చున్నాను. నీలి ముద్ద వదిలింది. పట్టుకోబోయాను, తప్పిపోయింది. చక్రం తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఇక్కడ ఏదీ సూటిగా కిందపడదు. రెండు వేళ్ళంత పక్కకి జరుగుతుంది. ఆ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలుసు. చేతికి తెలియదు.

పదకొండు ముద్దల్లో మూడు పట్టాను. పట్టినవి తిన్నాను. తిని నోరు తెరిచి చూపించాను. నీలి నమ్మనట్టు చూసింది. మూడోదాని తర్వాత తను ఒకటి తిన్నది. నా చేతిలోంచి.

అప్పలకొండ వచ్చి చూసింది. "ఏటి బాబూ, గుంట పెడితే నువ్వు తింటన్నావేటి? సిగ్గు లేదేటి?"

"లేదు."

"అయితే నాకూ ఒకటి పెట్టమను."

పెట్టింది. ఆవిడ పట్టుకోలేకపోయింది. "నానే ఒండిన పప్పు నాకే అందలేదు" అని నవ్వుతూ నేల తుడిచింది.

132వ రోజు

పది వదిలితే ఎనిమిది పట్టాను. ఇప్పుడు చెయ్యి ముందే రెండు వేళ్ళు పక్కకి వెళ్తోంది. నీలి తొమ్మిది ముద్దలు తిన్నది. ఎనిమిది కిలోల రెండు వందల ఎనభై.

మధ్యాహ్నం అరచెయ్యి ఆమె చెయ్యికి బాగా దగ్గరగా పెట్టాను. వదలడానికి ఖాళీ లేదు. ముద్ద నా చేతిలో పెట్టింది. గాలిలో కాదు.

ఖాళీ నేనే తగ్గిస్తున్నాను. రోజుకి జానెడు.

136వ రోజు

ఇవాళ అన్నీ నా అరచేతిలోనే పెట్టింది. వదలలేదు. "ఆం" అంటోంది, నేను తింటున్నాను, తను తింటోంది. నా బరువు కూడా పెరిగిందని అప్పలకొండ ఎగతాళి చేసింది.

సాయంత్రం ఆకలి మీద ఉంది. నాకు పెట్టకుండా వరసగా మూడు తన నోట్లోనే పెట్టుకుంది. నాలుగోది నాకు ఇచ్చింది. ఆలోచించి ఇచ్చినట్టు.

140వ రోజు

తూకం. ఎనిమిది కిలోల అయిదు వందల నలభై.

డాక్టర్ రెండుసార్లు తూచారు. ఫారాలు తిరగేశారు. 'విసిరింది' గడి చివరి నాలుగు రోజులు ఖాళీ.

"ఏం చేశారు?"

"పట్టుకున్నాను."

"అంటే?"

"ఆమె వదిలేటప్పుడు పట్టుకున్నాను. తర్వాత చెయ్యి దగ్గరగా పెట్టాను."

కలం పట్టుకుని నన్ను చూస్తూ ఉన్నారు. నడిబొడ్డు సంగతి చెప్పాలి. ఎముకకి మందు మొదలుపెట్టాలంటే కారణం తెలియాలి. చెబితే, పిల్ల ఇంట్లోనే ఉండొచ్చనే ఈ కాగితం మీద సంతకం ఉండదు.

"ముందు సంతకం పెట్టండి. తర్వాత ఒక మాట చెప్తాను."

"అలా కుదరదండీ."

"అయితే ముందే చెప్తాను." చెప్పాను. నాలుగు నెలల సంగతి. ఎవరు తీసుకెళ్ళారో. 127వ రోజు నేను తీసుకెళ్ళిన సంగతి కూడా. గవర్రాజు పేరు చెప్పలేదు.

ఆవిడ కలం బల్ల మీద పెట్టారు. నీలి బల్ల మీది కొలతపట్టీని నములుతోంది.

"మీ ఆవిడ చేసింది నేరం. మీరు చేసింది అంతకన్నా పెద్ద నేరం, తెలిసి చేశారు."

"అవును."

"చనిపోయినవాళ్ళ మీద మేం చర్య తీసుకోం. ఆ నాలుగు నెలలు ఎముక కారణంగా రాస్తాను. 127వ రోజు సంగతి నేను వినలేదు. రేపటినుంచి మందు వాడాలి, నెలకోసారి చూపించాలి." సంతకం పెట్టారు. కాగితం ఇస్తూ అన్నారు: "ఆ అలవాటు మాత్రం బాగా మాన్పించారు."

మెచ్చుకోలుగానే అన్నారు.

149వ రోజు

నీలి గోడ పట్టుకోకుండా తొమ్మిది అడుగులు వేసింది.

భోజనంలో నాకు పెట్టడం మానేసింది. నేను నోరు తెరిచి చూశాను. "ఆం" అన్నాను. నన్ను వింతగా చూసి తన ముద్ద తను తిన్నది. చెయ్యి చాపి ఇంకోసారి అడిగాను. పళ్ళెం అటు పక్కకి లాక్కుంది.

156వ రోజు

గవర్రాజు వచ్చాడు. నీలి గుర్తుపట్టింది. నవ్వింది, జుట్టు లాగింది. ముద్ద మాత్రం ఇవ్వలేదు. అతను నోరు తెరిచి కాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత ఆవలించినట్టు నటించాడు.

163వ రోజు

మధ్యాహ్నం పప్పన్నం. నీలి సగం తిన్నది. కడుపు నిండింది. ఒక ముద్ద తీసి గుప్పిట్లో నలిపింది. నా ముఖం చూసింది. పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. చెయ్యి వెనక్కి లాగి విసిరింది.

నా మీదికి గురిపెట్టలేదు. రెండు వేళ్ళు పక్కకి పెట్టింది. ముద్ద వంపు తిరిగి వచ్చి సరిగ్గా నా బుగ్గకి తగిలింది.

అంచు మీద పెరిగే పిల్లలు విసిరినట్టే విసిరింది. ఎవరూ నేర్పలేదు.

"తప్పు! అన్నం విసరకూడదు!" అన్నాను. పెద్ద గొంతుతో అన్నాను. నీలి ఇంకా నవ్వింది. రెండో ముద్ద కోసం పళ్ళెంలో చెయ్యి పెట్టింది.

చెయ్యి పట్టుకున్నాను. చిన్న చెయ్యి, జిడ్డుగా, వెచ్చగా ఉంది. వేళ్ళు బలంగా గుంజుకుంటున్నాయి. ఆ వేళ్ళకి ఒకప్పుడు మెల్లగా విప్పడం వచ్చు. వాళ్ళమ్మ నేర్పింది. ఇప్పుడు రాదు.

ఫారం ఇవ్వక్కర్లేదు ఇంక. అయినా తీసి, 'విసిరింది' గడిలో ఒకటి అని వేశాను. ఆ గడిలో నేను వేసిన మొదటి నిజమైన అంకె అది.